ముద్ర లేని నవాహో కడియం నకిలీదేనా?

ప్రశ్న: అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రానికి వెళ్ళినప్పుడు టర్కాయిస్ అనే నీలాకుపచ్చ రాయి పొదిగిన, అక్కడి ఆదివాసీ తెగ నవాహోల వెండి కడియం కొన్నాను. అది ‘ఓల్డ్ పాన్’ (పాత కుదువ సొత్తు) రకమనీ, వందేళ్ళనాటిదనీ అమ్మినవారు చెప్పారు. లోపలివైపు పనివాడి ముద్ర ఏదీ లేదు. ఇది నకిలీదా? గీతల్లోని నలుపును మెరుగు పెట్టించి తీయించవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముద్ర లేదన్న ఒక్క కారణంతో నకిలీదని తేల్చకండి. నవాహోలలో తొలి వెండి పనివాడిగా పేరు పొందిన అట్సిడి సాని 19వ శతాబ్దంలో మొదట ఒక మెక్సికన్ కమ్మరి దగ్గర ఇనుపపని నేర్చుకున్నాడు. 1868లో, అమెరికా సైన్యం తమను బంధించి ఉంచిన బోస్కె రెడోండో అనే చోటి నుంచి నవాహోలు స్వస్థలాలకు తిరిగివచ్చిన తర్వాత వెండిపని వారిలో విస్తరించింది. ఆ తరాలవారు నగలు చేసింది ఎక్కువగా తమవారి కోసమే కనుక, చేసినవారెవరో కొన్నవారికి తెలిసే ఉండేది. సొంత ముద్ర వేసే అలవాటు 1930ల తర్వాతే బలపడింది.

నిజానికి, వందేళ్ళనాటిదని చెప్పిన కడియం లోపల ‘స్టెర్లింగ్’ అనో ‘925’ అనో ఉంటేనే నేను ఎక్కువ అనుమానిస్తాను. తొలినాళ్ళ పనివారు అమెరికన్ వెండి డాలర్లను, తర్వాత మెక్సికన్ పెసోలను కరిగించి, కడ్డీగా పోసి, సుత్తితో సాగగొట్టి నగ చేసేవారు; ఆ డాలర్లలో వెండి 90 శాతం, స్టెర్లింగ్‌లో 92.5 శాతం. అలాగని ముద్ర లేకపోవడమే పాతదనానికి రుజువని చెప్పేవారినీ నమ్మకండి.

‘ఓల్డ్ పాన్’ అన్న మాట అంతకంటే జారుడుది. నవాహో కుటుంబాలు తమ నగలను వర్తక కేంద్రాల్లో కుదువపెట్టి సరుకులు తెచ్చుకునేవి. కొందరు భద్రంగా ఉంటాయని కూడా అక్కడే ఉంచేవారు. గడువు దాటినా విడిపించనివి అమ్మకానికి వచ్చేవి. అంటే ఆ మాట నగ ఏ దారిన అంగడికి చేరిందో చెబుతుందే కాని దాని వయసు చెప్పదు, ఎందుకంటే నిన్న చేసిన కడియాన్నైనా ఈరోజు కుదువపెట్టవచ్చు.

కనుక చూడవలసింది పనినే. వెండి మీద నగిషీగా కొట్టిన అచ్చుగుర్తులను భూతద్దంతో పరిశీలించండి: చేత్తో ఒక్కొక్కటిగా కొట్టినవి లోతులో, వరసలో కాస్త తేడాగా ఉంటాయి, యంత్రంతో ఒత్తినవి అన్నీ ఒకేలా ఉంటాయి, ఉన్న నగ నుంచి మూసతీసి పోసిన నకలులో అంచులు మొద్దుబారి కనిపిస్తాయి. రాయిని బట్టి మాత్రం కాలాన్ని నిర్ణయించకండి, పాత నగల్లో రాలిపోయిన రాయి స్థానంలో కొత్తది పెట్టడం మామూలే. బిల్లులో చేసినవారి పేరు, తెగ రాసి ఉన్నాయా? ఇండియన్ల (అంటే అమెరికా ఆదివాసుల) చేతిపని కానిదాన్ని వారిదని చెప్పి అమ్మడాన్ని 1990నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం నేరంగా పరిగణిస్తుంది కాబట్టి, నిజాయతీగల వర్తకుడు ఆ వివరాలు రాసివ్వడానికి వెనుకాడడు.

ఇక మెరుగు సంగతి: దయచేసి పెట్టించకండి. గీతల్లోని ఆ నలుపే అచ్చుపనిని ఎత్తి చూపుతుంది. దాన్ని తోమేస్తే సేకరించేవారి దృష్టిలో నగ విలువ తగ్గుతుంది. పైగా టర్కాయిస్ రంధ్రాలున్న రాయి, ద్రావకాలనూ నూనెలనూ పీల్చుకొని రంగు మారిపోతుంది. మెత్తని పొడిగుడ్డతో ఎత్తుగా ఉన్న భాగాలను తుడిస్తే చాలు.