నా దగ్గర నడిచే పైథాన్ ప్రాజెక్టు దోస్తు దగ్గర ఆగుతోంది!

ప్రశ్న: బత్తాయి ధరల మీద పైథాన్ ప్రాజెక్టు చేశాం. నా విండోస్ ల్యాప్‌టాప్‌లో బాగా నడుస్తోంది. పాలమూరులో ఉన్న మా దోస్తు దగ్గర మాత్రం నంపై (లెక్కల లైబ్రరీ) ఎర్రర్ వస్తోంది. గిట్‌హబ్‌లో పెట్టిన టెస్టులూ ఫెయిలవుతున్నాయి. లైబ్రరీల పేర్లన్నీ రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో రాశాం. ఏం చేయాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, నల్గొండ

జవాబు: పేర్లు సరే, పక్కన వెర్షన్లు రాశారా? రాయకపోతే పిప్ (లైబ్రరీలను దించే టూల్) ఆ రోజుకు దొరికే కొత్తదాన్ని దించుతుంది. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చింది. 1.ఎక్స్ (1తో మొదలయ్యే పాత వెర్షన్లు) కోసం కంపైల్ చేసిన లైబ్రరీలు దానితో పొసగక ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతాయి. మీ ల్యాప్‌టాప్‌లో పాత నంపై ఉండి ఉంటుంది. ‘పిప్ లిస్ట్’ కొట్టి చూడండి.

అలాగని అక్కడే ‘పిప్ ఫ్రీజ్’ చేసి, ఉన్న లైబ్రరీలన్నిటి జాబితాను వెర్షన్లతో సహా రిక్వైర్‌మెంట్స్ ఫైల్లోకి ఎక్కించకండి. వేరే ప్రాజెక్టుల లైబ్రరీలూ ఆ ఫైల్లోకి వచ్చి పడతాయి. ప్రాజెక్టు ఫోల్డర్‌లో కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టు లైబ్రరీలకే విడిగా ఉండే చోటు) తెరిచి, మీరు నేరుగా వాడుతున్న నాలుగైదు లైబ్రరీలనే, లిస్ట్‌లో కనిపించిన వెర్షన్లతో ఇన్‌స్టాల్ చేయండి. ఉదాహరణకు నంపై==1.26.4. ప్రోగ్రామ్ నడిచాక ఫ్రీజ్ చేసి, ఆ ఫైలునే గిట్‌లో పెట్టండి. ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌ని మాత్రం పెట్టొద్దు.

పైథాన్ వెర్షన్ కూడా ఇద్దరిదీ ఒకటే ఉండాలి. నంపై 1.26.4కు పైథాన్ 3.13 కోసం రెడీమేడ్ వీల్ ఫైల్ (ముందే కంపైల్ చేసిన ప్యాకేజీ) లేదు. పిప్ సోర్స్ నుంచి కంపైల్ చేయబోతుంది, సీ కంపైలర్ లేక పొడుగాటి ఎర్రర్ ఇస్తుంది. 3.12 వాడితే ఈ బాధ ఉండదు.

ఇక గిట్‌హబ్‌లో మీ టెస్టులను నడిపే గిట్‌హబ్ యాక్షన్స్. అక్కడ ప్రతిసారీ ఖాళీ మెషీన్ మీద మొదటి నుంచీ ఇన్‌స్టాల్ అవుతుంది కాబట్టి, దాని మాటే నమ్మాలి. ఇన్‌స్టాల్ తర్వాత ‘పిప్ చెక్’ పెట్టండి. లైబ్రరీల మధ్య వెర్షన్ గొడవలుంటే టెస్టుల కంటే ముందే బయటపడతాయి. టెస్టులు నడిపే పైటెస్ట్ లైబ్రరీనీ ఇన్‌స్టాల్ జాబితాలో చేర్చడం మరిచిపోకండి. యాక్షన్స్ సెట్టింగులు రాసే యామల్ ఫైల్లో పైథాన్ వెర్షన్‌ని కొటేషన్లలోనే రాయాలి. లేదంటే 3.10ని అది దశాంశ సంఖ్య అనుకుని 3.1గా చదువుతుంది.

వీటన్నిటి తర్వాతా ‘ఫైల్ దొరకలేదు’ అంటే పేర్లలోని పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాలు చూడండి. విండోస్ వాటిని పట్టించుకోదు. యాక్షన్స్‌లో ఎక్కువగా వాడే ఉబుంటు (లినక్స్) మెషీన్‌కు మాత్రం పెద్దక్షరాల పేరు, చిన్నక్షరాల పేరు రెండు వేర్వేరు ఫైళ్లు. ధరల సీఎస్‌వీ ఫైలు పేరు డిస్క్ మీద ఎలా ఉందో, కోడ్‌లోనూ అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి.