ఫిజిక్స్‌లో కష్టం ఫార్ములాల దగ్గర లేదు

ప్రశ్న: వచ్చే ఏడాది హైస్కూల్లో ఫిజిక్స్‌ని విడి సబ్జెక్టుగా తీసుకుందామనుకుంటున్నాను. సైన్స్‌లో ఇప్పటిదాకా మంచి మార్కులే వచ్చాయి. లెక్కల్లో మాత్రం యావరేజ్. ఫిజిక్స్ అంటే అన్నీ ఫార్ములాలేనని, లెక్కలు బాగా రాకపోతే నెగ్గుకు రాలేమని సీనియర్లు అంటుంటే టెన్షన్‌గా ఉంది. పైచదువు ఏమిటన్నది ఇంకా తేల్చుకోలేదు. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోండి. అయితే ఎక్కడ ఇబ్బంది పడతారో ముందే తెలిసి ఉండటం మంచిది. ఎందుకంటే అది మీ సీనియర్లు చెప్పిన చోట ఉండదు.

ఏడాది మొత్తంలో వాడే ఫార్ములాలన్నీ కలిపి రాసినా రెండు మూడు పేజీలకు మించవు. కొన్ని బోర్డుల పరీక్షల్లో ఆ పట్టికను ప్రశ్నపత్రంతో పాటే ఇచ్చేస్తారు. బట్టీ పట్టి మంచి మార్కులు తెచ్చుకోవడం అలవాటైన పిల్లలు మొదటి పరీక్షలో దెబ్బతినేది అందుకే. మీకూ మొదట్లో మార్కులు తగ్గవచ్చు. దాన్ని చూసి ఫిజిక్స్ నాకు రాదని తేల్చేసుకోకండి.

అసలు కష్టం ఏమిటంటే, చిన్నప్పటి నుంచి కళ్లతో చూసి నమ్మినవాటిని కొన్ని వదులుకోవాలి. బల్ల మీద పుస్తకాన్ని తోస్తే కదులుతుంది, చెయ్యి తీసేస్తే ఆగిపోతుంది. కాబట్టి కదలాలంటే బలం ఉండి తీరాలని అందరం అనుకుంటాం. పుస్తకాన్ని ఆపింది ఘర్షణ అని, అదే లేకపోతే అది అదే వేగంతో అలా పోతూనే ఉంటుందని న్యూటన్ మొదటి నియమం చెబుతుంది. ఈ నియమాన్ని అప్పజెప్పడం తేలికే, నిజంగా నమ్మడానికే సమయం పడుతుంది. ఇంకో ప్రశ్న చూడండి. బంతిని నిట్టనిలువుగా పైకి విసిరారు. సరిగ్గా పైకొసకు చేరిన క్షణంలో దాని త్వరణం, అంటే వేగం మారే రేటు, ఎంత? చాలామంది సున్నా అంటారు. ఆ క్షణంలో వేగం సున్నా, నిజమే. త్వరణం మాత్రం కిందివైపుకి సెకనుకు సెకనుకు 9.8 మీటర్లే. అదీ సున్నా అయితే బంతి ఇక కిందికి రాదు, అక్కడే నిలిచిపోవాలి! ఇలాంటి చోట జవాబు రాసుకుని ముందుకు పోకుండా, తను ఎందుకు సున్నా అనుకున్నానా అని కాసేపు ఆలోచించే విద్యార్థికి ఈ సబ్జెక్టు దొరుకుతుంది.

లెక్కలు చేసేటప్పుడూ అంతే. 2 కిలోల పెట్టె 30 డిగ్రీల వాలు మీద జారుతోంది, ఘర్షణ లేదు, త్వరణం ఎంత అని అడిగారనుకోండి. ఏ ఫార్ములా వేయాలా అని వెతికితే దారి దొరకదు. ముందు బొమ్మ గీయాలి. పెట్టె బరువు నిట్టనిలువుగా కిందికి, వాలు తలం దాన్ని నెట్టే బలం ఆ తలానికి లంబంగా. ఈ రెండు బాణాలూ వేశాక బరువుని వాలు వెంట ఒక భాగంగా, వాలుకి లంబంగా ఇంకో భాగంగా విడగొడితే జవాబు 4.9 అని వచ్చేస్తుంది. పెట్టె 2 కిలోలైనా 20 కిలోలైనా అదే జవాబు, ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టుకుపోతుంది. ఈ బొమ్మనే ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటారు. నన్నడిగితే మొదటి టర్మ్‌లో నేర్చుకోవాల్సిన వాటన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే.

ఇక మీ లెక్కల భయం. సమీకరణంలో కావలసిన అక్షరాన్ని ఒకవైపుకి తెచ్చుకోవడం, నిష్పత్తులు, గ్రాఫ్ వాలు కనుక్కోవడం, లంబకోణ త్రిభుజంలో సైన్, కాస్, టాన్, పది ఘాతాలు, ప్రమాణాలు మార్చడం (గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు) వస్తే చాలావరకు సరిపోతుంది. కొన్ని కోర్సుల్లో మాత్రం కాలిక్యులస్ కూడా వాడతారు. మీది ఏ రకమో చేరేముందే టీచర్‌ని అడగండి. ఫార్ములాని చదివి అర్థం చెప్పుకోవడం కూడా అలవాటు చేసుకోండి. గతిశక్తి, అంటే కదిలే వస్తువుకి ఉండే శక్తి, ఫార్ములాలో వేగానికి వర్గం ఉంది. అంటే వేగం రెట్టింపైతే, అదే బ్రేకు వేసినా బండి ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. అలా చదివిన ఫార్ములా మళ్లీ మర్చిపోరు.

బలాలు, చలనం అయ్యాక శక్తి, ద్రవ్యవేగం, తరంగాలు, కాంతి, విద్యుత్తు, అయస్కాంతత్వం వస్తాయి. ఈ వరుస స్కూలుని బట్టి మారుతుంది. విద్యుత్తు దగ్గర మళ్లీ కొంచెం ఓపిక పట్టాలి, అక్కడ జరిగేది కంటికి కనిపించదు. బల్బులోకి వెళ్లిన కరెంటు కొంత అక్కడే ఖర్చయిపోతుందని చాలామంది అనుకుంటారు. బల్బుకి ముందూ వెనకా కరెంటు ఒకటే, బల్బు వాడుకునేది శక్తిని.

ల్యాబ్‌ని తేలిగ్గా తీసుకోకండి. మీటరు పొడవున్న లోలకం ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. ఒక్క ఊపుని కొలిస్తే స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే తేడానే పెద్దదైపోతుంది కాబట్టి 20 ఊపులు కొలిచి భాగిస్తారు. ఆ సమయం నుంచి భూమి ఆకర్షణ వల్ల కలిగే త్వరణాన్ని లెక్కగడతారు. చివరికి 9.8 రావాల్సిన చోట 9.5 వస్తే అంకెలు దిద్దకండి. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి, మార్కులు దానికే ఉంటాయి. మార్కుల మాట అటుంచి, నిజాయితీగా కొలవడం నేర్పే చోటు స్కూల్లో ఇంకెక్కడా అంతగా దొరకదు.

పైచదువు తేల్చుకోలేదన్నారు కదా, నేను తీసుకోమనడానికి అదీ ఒక కారణం. చాలాచోట్ల ఇంజినీరింగ్‌లో చేరాలంటే హైస్కూల్ ఫిజిక్స్ అడుగుతారు. రేడియాలజీ, ఆప్టోమెట్రీ, ఆర్కిటెక్చర్, పైలట్ శిక్షణ లాంటి వాటిలోనూ ఇది పనికొస్తుంది. ఇప్పుడు వదిలేసి తర్వాత కావాలనుకుంటే మళ్లీ మొదటి నుంచి చదవాలి. న్యాయశాస్త్రమో సాహిత్యమో చదవాలని మనసులో గట్టిగా ఉంటే మాత్రం కేవలం నలుగురూ తీసుకుంటున్నారని తీసుకోనక్కర్లేదు.

కోర్సు మొదలయ్యేలోపు పైన చెప్పిన లెక్కల్ని రోజూ కాసేపు చేయండి. మొదటి టర్మ్ అయ్యాక మార్కుల కన్నా ముందు ఒకటి చూసుకోండి: తెలియని లెక్క ఇస్తే బొమ్మ గీసి, బాణాలు సరిగ్గా పెట్టగలుగుతున్నారా? పెట్టగలిగితే చివర్లో జవాబు తప్పుతున్నా ఫర్వాలేదు, అది సాధనతో కుదురుతుంది. అక్కడే ఆగిపోతుంటే ఆలస్యం చేయకుండా, మీరు గీసిన బొమ్మలున్న నోట్‌బుక్ తీసుకుని టీచర్ దగ్గరికి వెళ్లండి.