చెవికి అందని ఇంగ్లీషు నోటికి ఎట్లా వస్తుంది?

ప్రశ్న: సార్, నమస్తే. మాది దేవరకొండ అవతల పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు నల్లగొండలో బీకాం ఫైనలియర్. పుస్తకంలో ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మార్కులూ బాగానే వస్తాయి. మొన్న ఒక కంపెనీవాళ్లు సెలక్షన్లకు వచ్చి ఏదో అడిగితే ఒక్క ముక్క అందలేదు, తల దించుకుని నిలబడ్డాను. తర్వాత ఫ్రెండ్ ఆ ప్రశ్న కాగితం మీద రాసి చూపిస్తే అందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. మా నాన్న బడి మొహం చూడలేదు, బొంబాయిలో బిల్డింగ్ పనికి పోయి హిందీ గడగడా మాట్లాడతాడు. ఇన్నేళ్లు చదివి నేను మాట్లాడలేకపోతున్నా. లోపం నాలోనే ఉందా?
– ఒక విద్యార్థిని, దేవరకొండ

జవాబు: నీలో ఏ లోపమూ లేదమ్మా. మీ నాన్న హిందీని చెవితో నేర్చుకున్నాడు, నీకు మేం ఇంగ్లీషును కంటితో నేర్పాం, తేడా అక్కడుంది.

బొంబాయిలో మొదటి నెల ఎట్లా గడిచిందో ఇంటికి పోయినప్పుడు ఆయన్ని అడుగు. మేస్త్రీ "పానీ లావ్", "ఇధర్ ఆ" అని అరుస్తుంటే విన్నాడు, పక్కవాడు ఏం చేస్తున్నాడో చూశాడు, తనూ అదే చేశాడు, నాలుగు రోజులకు అదే మాట తన నోటి నుంచి వచ్చింది. తప్పు మాట్లాడితే ఎవరో నవ్వే ఉంటారు, అయినా పని ఆగలేదు, కాబట్టి మాటా ఆగలేదు. మన పాలమూరు, దేవరకొండ వైపు నుంచి వలస పోయినవాళ్లు ఎంతోమంది హిందీ, మరాఠీ ఇట్లాగే నేర్చుకున్నారు.

ఇక ఆ ప్రశ్న ఎందుకు అందలేదో చెప్తాను. "ఎక్కడికి పోతున్నావు" అని మనం ఇంట్లో అంటామా? "యాడికి వోతున్నవ్" అంటాం. పుస్తకంలో తెలుగు నేర్చుకుని వచ్చిన మనిషికి అది వేరే భాషే. ఇంగ్లీషులోనూ అంతే, "వాట్ డు యు వాంట్ టు డు" అని కాగితం మీద ఆరు మాటలుంటాయి, నోటి నుంచి వచ్చేసరికి "వాడ్యువాన్నడూ" అని ఒకటే మాటలాగా వినిపిస్తుంది. డు, టు, ఆఫ్, హావ్ లాంటి చిన్నమాటలు మధ్యలో నలిగిపోతాయి. పైగా తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం, మాట చివర అచ్చు లేకపోతే మనకు తోచదు, అందుకే బస్ మనకు బస్సు అయింది. ఇంగ్లీషులో మాటకు ఒక్కచోట ఒత్తి పలికి మిగతాది మింగేస్తారు. మనం "కంఫర్టబుల్" అని పూర్తిగా అనేది "కంఫ్‌టబుల్" అవుతుంది. "ఫొటోగ్రాఫ్"లో మొదటి అక్షరం మీద పడే ఒత్తు "ఫొటోగ్రఫీ"లో రెండోదాని మీదికి జరిగి "ఫటాగ్రఫీ"లాగా వినిపిస్తుంది. నువ్వు చదివిన మాటే అది, ఆ గొంతులో ఎప్పుడూ వినలేదు, అంతే.

రోజూ ఒక్క నిమిషం ఆడియో తీసుకో, ఎక్కువ వద్దు. స్క్రిప్టు కూడా దొరికేదై ఉండాలి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో ఆరు నిమిషాల పాఠాలు స్క్రిప్టుతో సహా ఉచితంగా ఉన్నాయి, అందులోంచి రోజుకో నిమిషం చాలు. మొదట స్క్రిప్టు చూడకుండా విను, మళ్లీ వింటూ ఒక్కో వాక్యం దగ్గర ఆపి, విన్నది విన్నట్టు నోటుబుక్కులో రాయి, అందని చోట గీత గీసి వదిలెయ్. ఆ తర్వాత స్క్రిప్టు తెరిచి గీతలు గీసిన చోట ఏముందో ఎర్రపెన్నుతో నింపు. ఆ ఎర్ర మాటలే నీ అసలు పాఠం, వాటి దగ్గరికి మళ్లీ పోయి విని, అదే వేగంతో గొంతు కలిపి పైకి అను. వారం తర్వాత పేజీలు తిరగేస్తే జారిపోయేవి చాలావరకు అవే చిన్నమాటలని నీకే కనబడుతుంది. ఇంకోమాట, నిన్ను ఇంటర్వ్యూ చేసేది ఎక్కువగా మనదేశపు మనిషే కాబట్టి ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు, ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా చెప్పే పాఠాలు కూడా విను. సబ్‌టైటిల్స్ పెట్టుకుని సినిమాలు చూడమంటారు చాలామంది, నాకు అది నచ్చదు, కన్ను మళ్లీ చెవి పని లాగేసుకుంటుంది.

మాట్లాడే దగ్గర మనకు అడ్డం పడేది క్రియ. "నేను నిన్న నల్లగొండ నుంచి బస్సులో వచ్చాను" అంటే "వచ్చాను" చివర ఉంది, ఇంగ్లీషులో "ఐ కేమ్" అని మొదట్లోనే అనేయాలి. తెలుగులో వాక్యమంతా కట్టుకుని మార్చబోతే చివరి మాటను ముందుకు లాక్కురావాలి, సరిగ్గా అక్కడే నోరు ఆగిపోతుంది, టెన్షన్ మొదలవుతుంది. ఎవరు, ఏం చేశారు, ఈ రెండూ ముందు అనెయ్, ఎక్కడ, ఎప్పుడు అన్నవి తర్వాత తగిలించు. నాగార్జునసాగర్ డ్యామ్ చూడటానికి వచ్చిన కొత్తమనిషికి చూపిస్తున్నట్టు ఫోన్‌లో రెండు నిమిషాలు రికార్డు చేసుకో, విను, మర్నాడు మళ్లీ అదే చెప్పు.

"సారీ సర్, కుడ్ యు సే దట్ అగైన్?" అన్న వాక్యం నిద్రలో లేపి అడిగినా వచ్చేట్టు పెట్టుకో. అర్థం కానప్పుడు మళ్లీ అడగడం తప్పు కాదు. ఆరోజు నీకు ఈ ఒక్క వాక్యం నోట్లో ఉంటే తల దించుకోవాల్సి వచ్చేది కాదు.

ప్రశ్న: మా అబ్బాయి మహబూబ్‌నగర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. 45 రోజుల్లో స్పోకెన్ ఇంగ్లీషు గ్యారంటీ అని ఒక కోచింగ్‌వాళ్లు 10 వేలు అడుగుతున్నారు. పత్తి అమ్మిన డబ్బులున్నాయి. కట్టమంటారా?
– ఒక రైతు, అచ్చంపేట

జవాబు: ఇప్పుడే కట్టకండి అన్నా. ముందు మీ అబ్బాయిని ఒకరోజు డెమో క్లాసులో కూర్చుని, తను ఎన్ని నిమిషాలు మాట్లాడాడో గడియారం చూసుకోమనండి. గంట క్లాసులో 40 మంది ఉంటే, సార్ నోరే తెరవకపోయినా, ఒక్కొక్కరికి వచ్చేది నిమిషంన్నర. పదిమంది లోపు ఉండి, పిల్లలతోనే మాట్లాడిస్తుంటే ఆలోచించండి. బోర్డు మీద టెన్సులు రాయించే చోటైతే ఆ చదువు కాలేజీలో ఉన్నదే. గ్యారంటీ అన్న మాట మాత్రం నమ్మకండి, 45 రోజుల్లో ధైర్యం వస్తుందేమో గానీ భాష రాదు.

ప్రశ్న: గద్వాల దగ్గర డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తున్నాను. క్లాసుకు 60 మంది, లాంగ్వేజ్ ల్యాబ్ లేదు. లిజనింగ్, స్పీకింగ్ ఎట్లా చేయించాలి?
– ఒక లెక్చరర్

జవాబు: ల్యాబ్ లేదని ఆగకండి మేడమ్, మీ గొంతే వాళ్లకు ఆడియో. ఆరేడు వాక్యాల పేరా ఒకటి, ఊరి జాతర మీదో జూరాల ప్రాజెక్టు మీదో మీరే రాసుకుని మామూలు వేగంతో రెండుసార్లు చదవండి, నెమ్మదిగా వద్దు. మొదటిసారి వింటారు, రెండోసారి చెవిన పడ్డ మాటలు రాసుకుంటారు. తర్వాత నలుగురేసి కూర్చుని ఆ పేరాను మళ్లీ కట్టాలి. ఒకరికి అందనిది ఇంకొకరికి అందుతుంది, వాదించుకుంటారు, విన్నది ఎక్కడ తప్పిందో ఆ వాదనలోనే బయటపడుతుంది.

మాట్లాడించడానికి జతలు చేయండి. ఒకే విషయాన్ని ఒక జతగాడికి 4 నిమిషాలు, రెండోవాడికి 3, మూడోవాడికి 2 నిమిషాల్లో చెప్పాలి. విషయం మారదు కాబట్టి మూడోసారికి మాటల కోసం వెతుక్కోరు, వేగం దానంతటదే వస్తుంది. ముప్పైమంది ఒకేసారి మాట్లాడితే క్లాసు సంతలాగా ఉంటుంది, పక్క క్లాసువాళ్లకు, ప్రిన్సిపాల్‌గారికి ముందే చెప్పి పెట్టుకోండి. తప్పులను మధ్యలో దిద్దకండి, రాసుకుని చివరి ఐదు నిమిషాల్లో పేర్లు చెప్పకుండా బోర్డు మీద పెట్టండి. మొదటి రెండు వారాలు తెలుగు కలుస్తుంది. కలవనివ్వండి.