పగ్గాల్లేకుండా స్లెడ్జ్ కుక్కలను ఎలా నడుపుతారు?

ధ్రువయాత్రల్లో పగ్గాలూ కళ్లేలూ లేకుండా అన్ని కుక్కలను ఎలా అదుపు చేస్తారని అడిగారు. ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో చదువుకునేటప్పుడు ఒక కుక్కల ఫారంలో చలికాలమంతా పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

నడిపేవాడికి ఉన్నవి గొంతు, కాలి కింద బ్రేకు, అంతే. కుడికి 'జీ', ఎడమకి 'హా' అని అరిస్తే విని తిరిగేవి ముందున్న లీడర్లే. మిగతావి వాటి వెనక పోతాయి. లీడర్‌కి బలం కన్నా బుర్ర, ధైర్యం ముఖ్యం. స్లెడ్జ్‌ని, అంటే మంచు మీద జారే బండిని, ఆనుకుని ఉండే జతకి మాత్రం ఒంట్లో సత్తువ ఉండాలి, మలుపుల్లో బరువు వాటి మీదే పడుతుంది. ఏ కుక్కకి ఏది పడదో తెలియకుండా జతకట్టామంటే దారిలో కొట్లాటే.

నిజానికి వాటిని పరిగెత్తించడం కాదు, ఆపడమే కష్టం. చేతిలో హార్నెస్ (బండి లాగడానికి కుక్క ఒంటికి తొడిగే పట్టీలు) కనబడితే చాలు, ఫారం మొత్తం మొరుగుళ్లతో దద్దరిల్లిపోతుంది. అందుకే స్లెడ్జ్‌ని గుంజకి కట్టేసి, మంచులో ఇనుప కొక్కెం కూడా దించుతాం. తాడు విప్పగానే మొరగడం ఆపి పరుగందుకుంటాయి. కింద పడ్డా సరే హ్యాండిల్ వదలకూడదు, అవి మీకోసం ఆగవు. పల్లంలో బ్రేకు తొక్కి, కుక్కలు లాగే తాడు బిగువుగా ఉంచాలి, లేకపోతే స్లెడ్జ్ వెళ్లి వెనక జత కాళ్లకి తగులుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు దిగి మనమూ తొయ్యాలి.

ఆగిన తర్వాతే అసలు పని. చలిలో అవి ఉత్త నీళ్లు సరిగా ముట్టవు. మాంసం కలిపిన గోరువెచ్చని నీళ్లు పోస్తే గిన్నె నాకేస్తాయి. వేళ్ల సందుల్లో మంచు ఉండకట్టి చర్మం కోసుకుపోతుంది. గ్లవ్స్ తీసి ఒక్కో పాదం పట్టి చూసి, అవసరమైతే గుడ్డ బూట్లు తొడగాలి. మన తిండి ఆ తర్వాతే.

నార్వే అన్వేషకుడు అముండ్సెన్ 1911లో 52 కుక్కలతో బయల్దేరి, డిసెంబరు 14న దక్షిణ ధ్రువం చేరి, 11 కుక్కలతో తిరిగొచ్చాడు. చాలావాటిని ముందే వేసుకున్న లెక్క ప్రకారం చంపి తిండిగా వాడారు. ఆ పాదాలు పట్టుకుని చూసినవాడిగా ఆ లెక్క నాకు మింగుడుపడదు. ఇప్పుడు అంటార్కిటికాలో కుక్కలకి అనుమతే లేదు. అంటార్కిటికా పర్యావరణ రక్షణకి కుదిరిన 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం 1994 ఏప్రిల్ కల్లా అన్నిటినీ తరలించారు. ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో మాత్రం డెన్మార్క్ సైన్యపు సిరియస్ దళం నేటికీ కుక్కలతోనే గస్తీ తిరుగుతుంది.

నేర్చుకోవాలని ఉంటే టూరిస్టు రైడ్‌తో సరిపెట్టుకోకండి, ఏదైనా ఫారంలో సీజన్ పని అడగండి. మొదట్లో పెంట ఎత్తడం, గిన్నెలు నింపడమే ఉంటుంది. కుక్కల పేర్లు, స్వభావాలు తెలిసేది ఆ పనిలోనే.