టైరు పేలి కారు బైకును కొట్టింది: ఇది నా నేరమేనా?

ప్రశ్న: మాది విశాఖలో మధురవాడ. పోయిన వారం మధ్యాహ్నం ఎండాడ దాటి జూ పార్కు దగ్గరికి వస్తుంటే నా కారు ముందు ఎడమ టైరు పేలిపోయింది. కంగారులో గట్టిగా బ్రేకు తొక్కేశాను. కారు ఎడమకు లాగేసి పక్కన వెళ్తున్న బైకును కొట్టింది. ఆయనకు కాలు విరిగింది. నేనే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పోలీసులు కేసు రాశారు. టైరు పేలడం నా చేతిలో లేదు కదా! నష్టపరిహారం నేనే కట్టాలా?

జవాబు: ఆయన్ని రోడ్డు మీద వదిలేయకుండా ఆసుపత్రికి చేర్చారు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవరు మీద పెట్టిన మొదటి బాధ్యత అదే. అందులోనే ఇంకో రెండున్నాయి: 24 గంటల్లోగా పోలీసులకు చెప్పడం, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం. బీమా సంగతి మీరు రాయలేదు. ఇంకా చెప్పకపోతే ఇవాళే చెప్పండి.

ఇక అసలు విషయం. 'టైరు పేలింది, దైవాధీనం' అన్న వాదన నష్టపరిహారం దగ్గర నిలబడదు. 2001లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. ముందు టైరు పేలి జీపు బోల్తా కొడుతూ దారిన పోయే మనిషిని కొట్టింది, ఆయన చనిపోయాడు. డ్రైవరు నిర్లక్ష్యం రుజువు కాకపోయినా ఆ కుటుంబానికి పరిహారం ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. 2023లో బొంబాయి హైకోర్టు ఇంకో అడుగు వేసి, టైరు పేలడం దేవుడి పని కాదు, మనిషి నిర్లక్ష్యమేనంది. గాలి ఎక్కువైనా, తక్కువైనా, అతివేగంగా నడిపినా టైరు పేలుతుంది కదా అన్నది దాని తర్కం.

అయితే భయపడకండి. పాలసీ నడుస్తూ ఉండి, మీ లైసెన్సు చెల్లుబాటులో ఉంటే గాయపడిన మనిషికి డబ్బు ఇచ్చేది బీమా కంపెనీ. తీవ్ర గాయానికి 164వ సెక్షన్ కింద ఎవరి తప్పో తేల్చకుండానే 2.5 లక్షలు వస్తాయి. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఆయన 166 కింద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేసుకోవచ్చు. దానికి చట్టం పెట్టిన గడువు 6 నెలలు. 2025లో వచ్చిన నగదు రహిత వైద్య పథకంలో మొదటి 7 రోజులకు లక్షన్నర వరకు ఉంది. ఇవన్నీ ఆయన ఇంట్లోవాళ్ళకు మీరే చెప్పండి. వాళ్ళ హక్కు వాళ్ళకు తెలియడం వల్ల మీకు పోయేదేమీ లేదు.

క్రిమినల్ కేసు వేరే లెక్క. మామూలుగా పెట్టేవి భారతీయ న్యాయ సంహిత 281, 125(బి) సెక్షన్లు. రెండోదానికి 3 ఏళ్ళ వరకు శిక్ష ఉంది. ఇక్కడ మీ నిర్లక్ష్యాన్ని పోలీసులే రుజువు చేయాలి. టైరు పేలినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. అందుకే చెబుతున్నాను, ఆ పేలిన టైరును ప్రాణంలా దాచుకోండి. నా క్లయింటు ఒకాయన దాన్ని పంక్చరు షాపులో వదిలేసి వచ్చేశాడు. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో 'టైరు ఎప్పుడు కొన్నారు, బిల్లేది, టైరేది' అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 3222 అంటే 2022లో 32వ వారం తయారైందని. దాన్ని ఫోటో తీయండి. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, అది కూడా కనిపించేలా తీయండి. గాలి తక్కువతో నడిచిన టైరు లోపల గోడ నలిగి నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. మేకు గుచ్చుకుంటే ఆ రంధ్రమే చెబుతుంది. కారును బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసేటప్పుడు ఈ టైరునూ చూసి రిపోర్టులో రాయమని అడగండి. టైరు బిల్లు, అలైన్‌మెంట్ బిల్లు వెతికి పెట్టుకోండి. టైరు పోలీసుల దగ్గరే ఉంటే, పంచనామాలో అది రాశారో లేదో మీ లాయరును చూడమనండి.

మీరు బ్రేకు తొక్కానన్నారు. అబద్ధం చెప్పమని ఎవరికీ చెప్పను, కానీ స్టేట్‌మెంటు ఇచ్చే ముందు మీ లాయరుతో మాట్లాడండి. టైరు పేలినప్పుడు బ్రేకు కొడితే కారు ఆ పక్కకే ఇంకా లాగేస్తుంది. స్టీరింగు రెండు చేతులతో బిగించి పట్టుకుని, తిన్నగా పోనిస్తూ, యాక్సిలరేటరు మెల్లగా వదలాలి. వేగం బాగా తగ్గాక ఎడమ అంచుకు తీయాలి. రిమ్ము పాడైనా పర్వాలేదు, లేన్ మధ్యలో మాత్రం ఆగొద్దు. హజార్డ్ లైట్లు వేసి, అందరినీ ఎడమ తలుపులోంచి దింపి, రెయిలింగు అవతల నిలబెట్టి, వెనక దూరంగా ట్రయాంగిల్ పెట్టి జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయాలి. చీకట్లో లైట్లు లేకుండా ఆపిన బండిని వెనకనుంచి ఎవరైనా గుద్దితే, ఆపినవాళ్ళ మీదికే తప్పు రావచ్చు. మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షన్ ఉన్నదే అలా ప్రమాదకరంగా బండి నిలిపేవాళ్ళ కోసం.

ఇంకొకటి. 'ఇంత ఇచ్చేయండి, తెల్లకాగితం మీద రాసుకుందాం' అని ఎవరో మధ్యలోకి వస్తారు. బీమా కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బు ఇస్తామని మాటివ్వడం పాలసీ షరతులకు విరుద్ధం. మందులకు మానవత్వంతో ఇచ్చింది వేరు, దానికి రసీదులు ఉంచుకోండి. రాజీ పడాలనుకుంటే పరిహారం సంగతి లోక్ అదాలత్‌లో, కంపెనీని కూర్చోబెట్టి తేల్చుకోండి.

కారు రిపేరుకు మీ సొంత డ్యామేజీ పాలసీ ఉంటే అందులో క్లెయిమ్ చేయండి. టైరు వరకు మాత్రం, మిగతా బండి కూడా దెబ్బతింది కాబట్టి, కొత్తదాని ఖర్చులో సగమే ఇస్తారు.