మార్కెట్ సందేహాలు: జెండా పాట ఒకటి, చేతికొచ్చే ధర ఒకటి

ప్రశ్న: ఖమ్మం మార్కెట్లో తేజ మిర్చి జెండా పాట క్వింటాలు 14,500 అని వాట్సాప్‌లో చూసి 20 బస్తాలు వేసుకెళ్లాను. నా సరుకుకు 12,600 దాటలేదు. ఇది మోసమేనా?
- ఒక రైతు, డోర్నకల్

జవాబు: ఆ రెండు అంకెలు మాత్రమే చూసి మోసమని చెప్పలేం. ఆ ఉదయం వచ్చిన సరుకులో మేలైన ఒక రాశికి ఖరీదుదార్లు పాడిన ధరే జెండా పాట. ఆ రోజుకు అది పైమెట్టు. మిగతా బస్తాలకు సరుకును బట్టి అంతకంటే తక్కువ పలుకుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేది ఎప్పుడూ ఈ పైమెట్టే, ఎందుకంటే నలుగురికీ పంపాలనిపించే అంకె అదే.

మీరు చూడాల్సింది మోడల్ ధర. మార్కెట్ ధరలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్‌లో ఒక్కో మార్కెట్‌కు కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలు ఇస్తారు. ఎక్కువ సరుకు ఏ ధర దగ్గర అమ్ముడైందో మోడల్ చెబుతుంది. సరుకు తీసుకెళ్లే ముందు ఒక వారం, పది రోజులపాటు దాన్ని, దానితోపాటు ఎన్ని బస్తాలు వచ్చాయో కూడా రాసుకోండి. సెలవుల తర్వాతి రోజు బస్తాలు ఒక్కసారిగా వచ్చిపడతాయి, ఆ రోజు ధర వేరుగా ఉంటుంది. ఏసీ మిర్చి, అంటే కోల్డ్ స్టోరేజీలో ఉంచిన మిర్చి ధరను కొత్త మిర్చికి, తేజ ధరను వండర్ హాట్ అనే ఇంకో రకానికి పోల్చుకుని బాధపడేవాళ్లూ ఉన్నారు. రకం, ఏసీనా కొత్తదా, తేదీ, ఈ మూడూ లేకుండా వచ్చిన ధరను పట్టించుకోకండి.

ఇక మీ 1,900 తేడా ఎక్కడ పోయి ఉంటుందో చూద్దాం. మొదటి అనుమానం తాలు, అంటే రంగు పోయి తెల్లబారిన నాసికాయ. 10 క్వింటాళ్లలో 8 శాతం తాలు కలిసి ఉండి, మొత్తానికి 12,600 పలికితే వచ్చేది 1,26,000. అదే తాలు ఏరి 9.2 క్వింటాళ్లను 13,800కు, 80 కిలోల తాలును క్వింటాలు 6,000కు అమ్మితే 1,31,760 వస్తుంది. ఏరిన కూలీలకు 3,500 ఇచ్చినా 2,260 మిగులుతుంది. ఇవి లెక్క చూపడానికి వేసిన ధరలే, మీ ఊరి కూలి రేటు వేసి చూసుకోండి. తాలు 2, 3 శాతమే ఉంటే ఏరుడు ఖర్చు కూడా రాకపోవచ్చు.

రెండోది తేమ. 14 శాతం తేమ ఉన్న 100 కిలోల కాయను 11 శాతానికి ఆరబెడితే 96.6 కిలోలవుతుంది. అంటే 13,000 దగ్గర ఉన్న సరుకుకు ఆరబెట్టాక దాదాపు 455 రూపాయలు ఎక్కువ పలికితేనే నష్టం లేనట్టు. మామూలుగా అంతకంటే ఎక్కువే పలుకుతుంది, ఎందుకంటే తేమ కాయకు బూజు పడుతుందన్న భయాన్ని కూడా ఖరీదుదారు ధరలోంచి తీసేస్తాడు.

మూడోది చాలామంది లెక్కలోకి తీసుకోనిది. బస్తా పైన ఎర్రగా నిగనిగలాడుతున్నా, అడుగున ఏముందో కొనేవాడికి తెలియదు. పైన మేలుకాయ, కింద తాలు పెట్టేవాళ్లు పదిమందిలో ఇద్దరున్నా, ఆ భయంతో పదిమందికీ ధర తగ్గిస్తాడు. అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియని సరుకుకు సంత ఎలా పాడవుతుందో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో చూపించాడు. 2001లో నోబెల్ పంచుకున్నవారిలో ఆయన ఒకడు. మీ వరకు పరిష్కారం తేలిక: మేలుకాయ, మధ్యరకం, తాలు వేర్వేరు బస్తాల్లో కట్టండి. ఏ బస్తానైనా విప్పి, అడుగునుంచి పిడికెడు తీసి చూసుకోమని మీరే అనండి.

తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్క రాసిచ్చే చీటీ, మాత్రం తప్పక తీసుకోండి. తూకం, రేటు, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడి కూలి), కమీషన్ విడివిడిగా రాసి ఉండాలి. తెల్లకాగితం మీద మొత్తం ఒక్కటే రాసిస్తే, అప్పుడు అనుమానించండి.

ప్రశ్న: ధర పెరుగుతుందని అందరూ అంటున్నారు. కోల్డ్ స్టోరేజీలో పెట్టమంటారా?
- ఒక రైతు, మధిర

జవాబు: అందరూ అంటున్నారంటే ఖరీదుదారుకూ ఆ సంగతి తెలుసు, ఇవాళ్టి ధరలో అది కొంత కలిసే ఉంటుంది. తేజకు చైనా ఆర్డర్లు ఎలా ఉన్నాయో, పాత నిల్వ ఎంత ఉందో మనకంటే అతనికి ముందే తెలుస్తుంది.

అందుకే జోస్యం మానేసి లెక్క వేయండి. ఇవాళ 12,600, ఆరు నెలలు ఆపాలి అనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు మీద ఉంటే వడ్డీయే 1,512. అద్దె, రెండుసార్ల హమాలీ కలిపి 600 అనుకోండి. తూకంలో 2 శాతం తగ్గుదల కూడా వేస్తే, క్వింటాలు 15,000కు అమ్మితేగానీ ఇవాళ అమ్మినదానితో సమానం కాదు. ఏడాదికి 9 శాతం బ్యాంకు రుణమైతే ఆ గీత 14,050 దగ్గరకు దిగుతుంది. ఒకే సరుకు, ఒకే మార్కెట్, ఒకే కబురు. అయినా ఒకరు ఆపవచ్చు, ఇంకొకరు ఆపకూడదు. రంగు వెలిసిన ఏసీ మిర్చికి కొత్త పంట రాగానే గిరాకీ పడిపోతుంది కాబట్టి డిసెంబరు దాటనివ్వకండి.

ప్రశ్న: ఫోన్లో ధరలు తెలిస్తే రైతుకు నిజంగా లాభమేనా? పరిశోధనలు ఏమంటున్నాయి?
- ఒక ఎం.ఎ. విద్యార్థిని, వరంగల్

జవాబు: ఒక్క మాటలో తేలేది కాదమ్మా. ఉత్తర కేరళలో 1997-2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చాక సార్డిన్ చేపల సంతల్లో ఏం జరిగిందో ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ చూశాడు. ఫోన్లు రాకముందు ఒక రోజు, 1997 జనవరి 14న, అక్కడి బడగర రేవులో కొనేవాళ్లు లేక 11 మంది జాలర్లు చేపలు పారబోశారు. అదే వేళ 15 కిలోమీటర్ల లోపు సంతల్లో 27 మంది కొనేవాళ్లు సరుకు దొరక్క వెనుదిరుగుతున్నారు. ఫోన్లు వచ్చాక పారబోత దాదాపు పోయింది, జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. మధ్యప్రదేశ్‌లో ఐటీసీ కంపెనీ ఈ-చౌపాల్ పేరుతో ఊళ్లలో ధరలు చూపే ఇంటర్నెట్ కియోస్కులు పెట్టిన జిల్లాల్లో సోయా ధర 1 నుంచి 3 శాతం పెరిగిందని పరిశోధకురాలు అపరాజిత గోయల్ లెక్కగట్టింది. కానీ మహారాష్ట్రలో రైతులకు ఎస్ఎంఎస్ ద్వారా ధరలు పంపిన సేవను ఫాచాంప్స్, మింటెన్ అనే పరిశోధకులు పరీక్షిస్తే, రైతులు అందుకున్న ధరలో చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు.

తేడా ఫోన్లో లేదు. చేపలవాడు సముద్రం మీద ఉండగానే పడవను ఇంకో రేవుకు తిప్పగలడు. ఈ-చౌపాల్లో ధరతోపాటు మండీ కాకుండా కొనే మరో చోటూ వచ్చింది. విత్తనాలకు, మందులకు అడ్తిదారు (కమీషన్ ఏజెంటు) దగ్గర డబ్బు తెచ్చుకున్న రైతుకు పక్క మార్కెట్లో 800 ఎక్కువని తెలిసినా సరుకు అక్కడికి పోదు. మీ సర్వే పత్రంలో 'ధర ఎలా తెలిసింది' అన్న ప్రశ్న పక్కనే 'ఎవరికి బాకీ ఉన్నారు' అన్నది తప్పక చేర్చండి.

ప్రశ్న: వచ్చే ఏడాది మిర్చి వేయవచ్చా?
- ఒక రైతు, సత్తెనపల్లి

జవాబు: నిరుటి ధర చూసి మాత్రం వేయకండి, పక్కవాళ్లూ దాన్నే చూస్తారు. 2022-23లో తేజ 20,000 దాటింది. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిందంటే, ఆంధ్రప్రదేశ్ మిర్చికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యపు ధర, అంటే మార్కెట్ పడిపోయినప్పుడు రైతును ఆదుకోవడానికి పెట్టే ధర, ప్రకటించాల్సి వచ్చింది. జూన్, జూలైల్లో చుట్టుపక్కల నర్సరీల్లో నారు ఎంత బుక్కయిందో అడగండి, కర్ణాటకలో విస్తీర్ణం వార్తలు చూడండి. ఎకరాకు 2 లక్షలు పెట్టుబడి అనుకుంటే, 20 క్వింటాళ్లు పండితే క్వింటాలు 10,000 దగ్గర పెట్టిన ఖర్చు తిరిగొస్తుంది. తామర పురుగు తగిలి 12 క్వింటాళ్లే వస్తే అదే గీత 16,700కు లేస్తుంది.