పులిచర్మం రగ్గు బొచ్చు రాలుతోందా, టైల్స్ మీద జారుతోందా

అక్కా, బాబుకి శివుడి వేషం వేసి ఫోటోలు తీయడం కోసం నువ్వు ఫర్ క్లాత్ (బొచ్చు గుడ్డ)తో చేసిన నకిలీ పులిచర్మం రగ్గు ఇల్లంతా బొచ్చు రాలుస్తోంది, టైల్స్ మీద జారుతోంది అన్నావు కదా, రాలడం క్లాత్ తప్పు కాదు, కత్తెర తప్పు. ఫర్ క్లాత్‌ని పైనుంచి కత్తిరిస్తే వెంట్రుకలు సగానికి తెగి అవే రోజుల తరబడి రాలుతుంటాయి. ఈసారి తిరగేసి, వెనక చాక్‌పీస్‌తో షేప్ గీసి, బ్లేడుతో అడుగు గుడ్డ వరకే కొయ్యి, తర్వాత చేత్తో లాగితే బొచ్చు అదే విడిపోతుంది. ఇప్పుడున్నదాన్ని బయట గట్టిగా దులిపి, వెనకవైపు అంచు పొడవునా ఫాబ్రిక్ గ్లూ పూసి ఆరబెట్టు, చాలావరకు ఆగుతుంది.

జారడానికి, కిచెన్ షెల్ఫుల్లో వేసే జాలీ రబ్బర్ మ్యాట్ ఉంటుంది చూడు, అది రగ్గు కంటే రెండంగుళాలు చిన్నగా కట్ చేసి అడుగున టాకాలు వేసెయ్.

చారలకి అక్రిలిక్ కలర్ చిక్కగా వేశావేమో, అందుకే అట్టకట్టి గుచ్చుకుంటోంది, కొంచెం నీళ్ళు కలిపి తడిగా ఉండగానే పాత టూత్‌బ్రష్‌తో దువ్వుతూ ఉండాలి. మీ మావయ్య అసలు చర్మమే తెప్పిస్తానన్నారా? బాబోయ్, 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే, నకిలీదే ముద్దు. ఇస్త్రీ మాత్రం పెట్టకు, సింథటిక్ కదా కరిగిపోతుంది, నాది ఒక కాలు అలాగే పోయింది, పులిది లే!